బరువు తగ్గాక చేయించుకునే ఆపరేషన్‌కు ఇల్లు కూడా సిద్ధం కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. బరువు తగ్గించే ఆపరేషన్ల గురించి, ఈ మధ్య వచ్చిన వారానికొక ఇంజెక్షన్ల గురించి మన పత్రికల్లో వార్తలకూ ప్రకటనలకూ కొదవ లేదు. నూట ముప్ఫై కిలోల మనిషి ఎనభైకి దిగాక తీసిన ఫొటోను పాత ఫొటో పక్కన వేసి చూపిస్తున్నారు. ఆ రెండో ఫొటోలో మనిషి ఎప్పుడూ నిండుగా బట్టలు వేసుకునే ఉంటారు. ఆ బట్టల కింద వేలాడే చర్మం సంగతి, దాన్ని తీయించుకోవడానికి మళ్లీ చేయించుకోవలసి వచ్చే ఆపరేషన్ సంగతి, దానికి ముందు నెలల తరబడి సాగవలసిన తయారీ సంగతి, తర్వాత వారాల తరబడి ఇంట్లో జరగవలసిన సేవ సంగతి రాసేవారు అరుదు. నర్సుగా పనిచేసి, చివరి సంవత్సరాలు ప్లాస్టిక్ సర్జరీ వార్డులో గడిపి రిటైరైనదాన్ని కాబట్టీ, ఇటీవల మా మేనకోడలికి ఇదే ఆపరేషన్ అయితే దగ్గరుండి చూసుకున్నదాన్ని కాబట్టీ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ ఆపరేషన్ మంచిగా కుదరడం సర్జన్ చేతిలో ఎంత ఉందో, రోగి ఇంటి వంటగదిలో, పడకగదిలో, పెద్దవాళ్ల మాటలో కూడా అంత ఉంది. ఆపరేషన్ అయినవాళ్లకు మన ఇళ్లలో తరతరాలుగా ప్రేమతో చేసే కొన్ని పనులు దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతాయి.

ముందు, ఇది సోకు కోసం చేయించుకునే కోత అన్న అపోహ పోవాలి. ఏళ్ల తరబడి సాగిపోయిన చర్మంలో దానికి బిగువునిచ్చే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతిని ఉంటాయి కాబట్టి, లోపలి కొవ్వు కరిగినా చర్మం వెనక్కి ముడుచుకోదు. నలభై యాభై కిలోలు తగ్గినవారు ఎంత వ్యాయామం చేసినా కండ గట్టిపడుతుందే గానీ ఆ చర్మం ఎక్కడికీ పోదు. దాన్ని బిగించే లేపనం గానీ నూనె మర్దనా గానీ లేవు. మన కోస్తా జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల ఉక్కపోతకు పొట్ట మడత కింద చెమట ఆరనే ఆరదు. అక్కడ చర్మం ఒరుసుకుని ఎర్రబడుతుంది, ఫంగస్ పడుతుంది, వాసన వస్తుంది, కొందరికి పుండ్లు పడి రసి కారుతుంది. మడతలో నూలుగుడ్డ పెట్టుకుని, మధ్యాహ్నం ఆఫీసు బాత్రూములో దాన్ని మార్చుకుని, ఎవరికీ చెప్పకుండా రోజులు వెళ్లదీసే ఆడవాళ్లను నేను వార్డులో చూశాను. రొమ్ము దగ్గర జారిన చర్మం వల్ల నలుగురిలో చొక్కా విప్పలేక, తండ్రి కర్మకాండ దగ్గర కూడా కుంగిపోయిన మగవాళ్లనూ చూశాను. “అంత బరువు తగ్గావు, ఆరోగ్యం బాగుపడింది, ఇంకా ఈ కోతలెందుకు?” అని ఇంట్లోవాళ్లు తేలిగ్గా అనే మాట వాళ్లకు ఎంత భారమో చెప్పలేను.

అయితే ఇది చిన్న ఆపరేషన్ అని చెప్పే ప్రకటనలూ అంతే అన్యాయమైనవి. లైపోసక్షన్‌తో ఒక్కరోజులో సరిచేస్తామనే బోర్డులు పట్నాల్లో కనబడుతున్నాయి. లైపోసక్షన్ కొవ్వును లాగుతుంది, చర్మాన్ని తీయదు. ఇప్పటికే ఖాళీ అయిన చర్మం లోపల మిగిలిన కాస్త కొవ్వునూ లాగేస్తే అది ఇంకా జారుతుంది. వేలాడే చర్మాన్నీ దాని వెంట ఉన్న కొవ్వునూ మాత్రమే కోసి తీసేయడాన్ని పానిక్యులెక్టమీ అంటారు. దానితో పాటు, ఎడంగా జరిగిపోయిన పొట్ట కండరాలను దగ్గరికి లాగి కుట్టి, బొడ్డును కొత్తచోట అమర్చితే అది అబ్డామినోప్లాస్టీ. టమ్మీ టక్ అని జనం అనేది దాన్నే. నడుము చుట్టూతా కోసి పొట్టను, పక్కలను, పిరుదులను, తొడల పై భాగాన్ని ఒకేసారి పైకి లాగేది లోయర్ బాడీ లిఫ్ట్. చేతులకు, తొడలకు, రొమ్ములకు వేరే ఆపరేషన్లు ఉన్నాయి. ఏదైనా సరే, ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకానో, చంక నుంచి మోచేతి దాకానో మచ్చ జీవితాంతం ఉంటుంది. అన్నీ ఒకే మత్తులో చేసేస్తే ఖర్చు కలిసొస్తుందని ఆశపెట్టేవారు ఉన్నారు. మత్తులో ఉండే గంటలు పెరిగేకొద్దీ రక్తం పోవడమూ, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతాయి కనుక, మధ్యలో మూడు నెలలకు తక్కువ కాకుండా ఎడం ఇచ్చి విడతలుగా చేయడమే పద్ధతి.

తొందర పనికిరాదు. బేరియాట్రిక్ ఆపరేషన్, అంటే బరువు తగ్గించే ఆపరేషన్, తర్వాత బరువు తగ్గడం ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా సాగుతుంది. ఆ తర్వాత కూడా మూడు నుంచి ఆరు నెలల పాటు తూకం పెద్దగా కదలకుండా నిలబడితేనే చర్మం ఆపరేషన్‌కు వేళ అయినట్టు. తగ్గుతూ ఉండగానే చేస్తే మళ్లీ వదులవుతుంది. మళ్లీ పెరిగితే కుట్టినదంతా సాగుతుంది. పిల్లల్ని కనాలనుకునే స్త్రీలు కాన్పులు అయ్యాక పొట్ట ఆపరేషన్ చేయించుకోవడం మేలు. పెళ్లి ముహూర్తం పెట్టుకుని దానికి ముందే అయిపోవాలని డాక్టరును తొందరపెట్టే కుటుంబాలకు నా విన్నపం ఒక్కటే: గాయం మానడం పంచాంగం చూసుకుని జరగదు.

ఇక తయారీలో అన్నిటికన్నా ముందు తిండి గురించి చెప్పాలి. బరువు తగ్గడానికి ఆపరేషన్‌తో లోపలి జీర్ణాశయాన్ని చిన్నది చేయించుకున్నవారు, అందులోనూ ఆహారం పేగులో కొంత దూరం దాటి వెళ్లేలా దారి మళ్లించే బైపాస్ అయినవారు, తినేది తక్కువ, ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. ఇనుము, బి12, ఫోలిక్ ఆసిడ్, విటమిన్ డి, జింకు లోపాలు వీరిలో తరచుగా కనబడతాయి. మన ఆడవాళ్లలో రక్తహీనత ముందే ఎక్కువ. పైకి సన్నబడి చురుగ్గా కనిపిస్తున్న మనిషి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గర, రక్తంలోని మాంసకృత్తి అయిన ఆల్బుమిన్ ఉండవలసినదానికంటే కింద తేలడం నాకు వార్డులో కొత్త కాదు. అలాంటి ఒంటిమీద రెండడుగుల కోత పెడితే అది కలుసుకోవడానికి కావలసిన సరుకు లోపల లేదు. అందుకే రెండు మూడు నెలల ముందే ఈ పరీక్షలన్నీ చేయించి, లోపాలు పూడ్చి, రోజుకు 60 నుంచి 100 గ్రాముల దాకా, డాక్టరో డైటీషియనో వారివారి ఒంటిని బట్టి చెప్పిన మేరకు, మాంసకృత్తులు అందేలా చూడాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 8 గ్రాములు, వంద గ్రాముల వండిన కోడిమాంసంలో 25 గ్రాములకు పైగా ఉంటాయని లెక్క వేసుకుంటే, అన్నం, చారు, పచ్చడి మెతుకులతో ఆ సంఖ్య దరిదాపులకు కూడా రాలేమని ఎవరికైనా తెలుస్తుంది. చిన్నబడిన పొట్టకు ఒక్కసారి పట్టదు కనుక రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా, ముందు గుడ్డో చేపో పనీరో గట్టి పప్పో తిని, తర్వాత కూర తిని, చోటు మిగిలితే అన్నం తినాలి. మన భోజనం వరస తిరగేసినట్టు ఉంటుంది, అలవాటు చేసుకోవలసిందే.

పొగ తాగేవారు ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానేసి, తర్వాత కూడా నాలుగు వారాలు ముట్టకూడదు. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది; లాగి కుట్టిన చర్మం అంచుకు రక్తం అందక నల్లబడి చచ్చిపోతుంది. బీడీ, సిగరెట్టు మాటే కాదు, గుట్కాలోనూ ఖైనీలోనూ ఉన్నది అదే నికోటిన్. చక్కెర జబ్బు అదుపులో ఉండాలి. ఆస్పిరిన్, విటమిన్ ఇ, చేపనూనె మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, ఎవరో ఇచ్చిన మూలికల పొడి, ఏది వాడుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కొన్ని రక్తస్రావాన్ని, కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని పెంచుతాయి. మొదట్లో చెప్పిన వారానికొక ఇంజెక్షన్లు, అంటే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్, 2025 నుంచి మన దేశంలో బరువు తగ్గడానికి అమ్మకంలోకి వచ్చాయి. ఇవి పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి కనుక, రాత్రి నుంచి ఉపవాసం ఉన్నా కడుపులో ఆహారం నిలిచి ఉండి, మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వీటిని ఆపాలో, ఎన్నాళ్ల ముందు ఆపాలో, ద్రవాహారం మీద ఉండాలో నిర్ణయించేది మత్తు డాక్టరు. ఆయనకు చెప్పకపోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇంటికి వచ్చాక ఏం జరుగుతుందో చెప్పడానికే ముఖ్యంగా ఈ ఉత్తరం. మా మేనకోడలు ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు వాళ్ల అత్తగారు వెండి పళ్లెంలో మెత్తటి అన్నం, మిరియాల చారు, నేతిలో వేయించిన కారప్పొడి తెచ్చి పక్కన కూర్చుని కలిపి తినిపించబోయారు. నేను పప్పు, గుడ్డు అడిగితే ఆవిడ కంగారుపడ్డారు. “వదినగారూ, మీరు నర్సు, మీకు తెలియనిదా! పప్పు పెడితే కుట్లు చీము పట్టవూ? గుడ్డు వేడి చేయదూ?” అన్నారు. ఆ మాటలో కోడలి మీద ప్రేమ తప్ప వేరే ఏమీ లేదు. కానీ పప్పువల్లో, గుడ్డువల్లో, వంకాయవల్లో చీము పట్టదు. సూక్ష్మక్రిములు చేరడంవల్ల పడుతుంది. ఆ క్రిములతో పోరాడటానికీ, కోత పూడటానికీ కావలసినవి సరిగ్గా మనం పత్యం పేరుతో తీసేసే పదార్థాలే. మూడో రోజు డ్రెస్సింగుకు వెళ్లినప్పుడు ఆవిడను కూడా వెంట తీసుకెళ్లి సర్జన్ చేత ఇదే మాట చెప్పించాను. ఆ సాయంత్రమే ఆవిడ స్వయంగా పెసరట్టు పోసి, ఉడికించిన గుడ్డు నలిపి పెట్టారు. ఇంట్లో వంట ఎవరి చేతిలో ఉందో వాళ్లను ఆపరేషన్‌కు ముందే డాక్టరు దగ్గర కూర్చోబెట్టాలి. రోగికి ఒక్కరికే చెప్పి పంపిస్తే ఆ మాట వంటింటి గడప దాటదు.

రెండో ఆచారం, కదలనివ్వకపోవడం. “పచ్చి ఒళ్లు, లేవకు, కుట్లు తెగుతాయి” అని మంచానికి కట్టేసినట్టు పడుకోబెడతారు. ఈ ఆపరేషన్ల తర్వాత అందరూ భయపడవలసింది కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరడం గురించి. అందుకే ఆసుపత్రిలో ఆ సాయంత్రమో మర్నాడు ఉదయమో మనిషిని లేపి నడిపిస్తారు, కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడుగుతారు, ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తారు. ఇంట్లోనూ మెలకువగా ఉన్నంతసేపూ గంట రెండు గంటలకోసారి లేచి గదిలో నాలుగు అడుగులు వేయాలి, పడుకున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. పొట్ట బిగించి కుట్టినవారు మొదటి వారం, రెండు వారాలు నడుము వంచుకునే నడుస్తారు. అది లోపం కాదు, కుట్టు మీద లాగుడు పడకుండా చూసుకోవడం. నిటారుగా నిలబడమని ఎవరూ బలవంతపెట్టకూడదు. వెల్లకిలా, వీపు కింద ఎత్తుగా, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు దిండును పొట్టకు హత్తుకుంటే నొప్పి తగ్గుతుంది.

డ్రెయిన్లంటే చాలామంది ఇళ్లలో హడలిపోతారు. చర్మం కింద చేరే ద్రవాన్ని బయటికి లాగడానికి పెట్టే గొట్టాలు అవి. చివర దానిమ్మకాయంత మెత్తటి ప్లాస్టిక్ బల్బు ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, మూత తీసి, కొలగిన్నెలోకి వంచి, ఎన్ని మిల్లీలీటర్లో ఏ రంగో రాసుకుని, బల్బును పూర్తిగా నొక్కి గాలి పోయాకే మూత బిగించాలి; గాలి ఉండగా బిగిస్తే అది లాగడం మానేస్తుంది. మా మేనకోడలి భర్త పిల్లవాడి రూళ్ల పుస్తకంలో ఎడమ గొట్టానికి ఒక వరస, కుడి గొట్టానికి ఒక వరస గీసి, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ రాసేవాడు. ఎర్రగా మొదలై, గులాబీ రంగుకు, తర్వాత లేత పసుపుకు మారుతూ రావడం ఆ పుస్తకంలో కనబడింది. 24 గంటల్లో సుమారు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ వరసగా రెండు రోజులు వస్తే సాధారణంగా తీసేస్తారు. ఆ పుస్తకం చూసి సర్జన్ ఒక్క నిమిషంలో నిర్ణయం తీసుకున్నారు. ఆ గొట్టాలు లాగకుండా బట్టకు పిన్నుతో గుచ్చుకోవాలి. ముందు తెరుచుకునే నైటీలు, వదులు చొక్కాలు ముందే కుట్టించి పెట్టుకోవాలి.

ఇంటి ఏర్పాట్లలో మనకు ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. నేల మీద గొంతుకూర్చునే మరుగుదొడ్డి ఈ ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు వాడలేరు. కుర్చీలా ఉండే కమోడ్ స్టాండు మందుల షాపుల్లో దొరుకుతుంది, ముందే కొనాలి. మలబద్ధకం రాకుండా నీళ్లు, డాక్టరు రాసిన మందు తప్పవు. ఆరు వారాల దాకా నీళ్ల బిందె, గ్యాసు బండ, చంటిపిల్ల, ఏదీ ఎత్తకూడదు. ఆపరేషన్ అయిన చోటును అదిమి ఉంచే బిగుతు తొడుగు రాత్రీ పగలూ వేసుకోవాలంటారు కనుక రెండు జతలు ఉంటే ఒకటి ఉతికి ఆరేసుకోవచ్చు. వేసవిలో దాన్ని భరించడం కష్టం కాబట్టి, వీలున్నవారు చలికాలం ఎంచుకోవడం తెలివైన పని. నొప్పి తగ్గడం లేదని, ఎవరో చెప్పిన మాట విని మందుల షాపు నుంచి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ తెచ్చి మింగకండి. బైపాస్ అయిన పొట్టలో అవి పుండ్లు చేస్తాయి. కుట్ల మీద పసుపు, పసరు రాయకండి. మూడు కుట్ల వరసలు కలిసేచోట చిన్న ఖాళీ తెరుచుకోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది, డ్రెస్సింగులతో మానిపోతుంది. మొదటి వారాల్లో వాపుతో, కమిలిన చర్మంతో అద్దంలో చూసుకుని ఏడ్చేవాళ్లు చాలామంది. అసలు ఆకారం తెలియడానికి నెలలు, మచ్చ పాలిపోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుందని చుట్టూ ఉన్నవాళ్లు ఓర్పుగా చెప్పాలి. పలకరించడానికి వచ్చిన బంధువులు “ఇదేనా, ఇంత డబ్బు పోసింది?” అనకుండా ఉంటే అదే పెద్ద సాయం.

అయితే కొన్నిటికి ఓర్పు పట్టకూడదు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీలో నొప్పో వచ్చినా, జ్వరం 101 డిగ్రీలు దాటినా, ఒక పక్క హఠాత్తుగా ఉబ్బినా, కుట్టు అంచుగానీ బొడ్డుగానీ నల్లబడినా, వాసనతో ద్రవం కారినా, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

ఖర్చు గురించి ఒక మాట. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఆరోగ్య బీమా మినహాయింపులను, అంటే బీమా కంపెనీ చెల్లించనక్కరలేని ఖర్చులను, ఒకే పద్ధతిలోకి తెచ్చింది. అందాన్ని మార్చే శస్త్రచికిత్సలకు బీమా వర్తించదు గానీ, ప్రత్యక్షమైన, తక్షణమైన ఆరోగ్య ముప్పును తొలగించే వైద్య అవసరంలో భాగంగా చేస్తే, ఆ సంగతి చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరిస్తే, ఆ మినహాయింపు వర్తించదని అందులోనే ఉంది. మడతల కింద పుండ్లకు చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ చీటీలు, ఫొటోలు దాచిపెట్టుకోవాలని నేను అందరికీ చెబుతాను. క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి, న్యాయం జరగకపోయినా, నెలరోజుల్లో జవాబు రాకపోయినా బీమా తగాదాలు విని తేల్చే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుము లేదు. గెలుస్తారని హామీ ఇవ్వలేను, కానీ అడగకుండానే వదిలేసుకునేవాళ్లే ఎక్కువ.

ఆపరేషన్ చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో నిపుణులు చదివే ఎంసీహెచ్ పట్టా గానీ డీఆర్‌ఎన్‌బీ పట్టా గానీ, పాత పద్ధతిలో డీఎన్‌బీ గానీ ఉందో లేదో, మన రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదు ఉందో లేదో కనుక్కోవడం రోగి హక్కు. సమీరా కోహ్లీ అనే రోగి వేసిన కేసులో 2008లో సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు చెప్పి తీసుకున్న అంగీకారమే నిజమైన అంగీకారమని తీర్పు ఇచ్చింది. ఇంగ్లీషులో అచ్చువేసిన నాలుగు కాగితాల మీద, థియేటరుకు తీసుకెళ్లే ముందు స్ట్రెచరు మీద పెట్టించుకునే సంతకం ఆ అంగీకారం ఎలా అవుతుంది?

కాబట్టి ఆసుపత్రులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం: ఈ ఆపరేషన్‌కు డబ్బు కట్టించుకోవడానికి కనీసం నెల ముందు, రోగికీ, ఇంట్లో వండిపెట్టేవారికీ కలిపి ఒక గంట కేటాయించండి. తిండి, నడక, డ్రెయిన్, మందులు, ప్రమాద సూచనలు తెలుగులో అచ్చువేసి, రాత్రిపూట కూడా ఎత్తే ఫోను నంబరు అందులో రాసి చేతికివ్వండి. మీ ఆరోగ్యం పేజీలో కూడా, బరువు తగ్గిన ఫొటోలు వేసినప్పుడల్లా ఆ తర్వాతి భాగం గురించి నాలుగు వాక్యాలైనా నిపుణుల చేత రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
విశ్రాంత స్టాఫ్ నర్సు, కాకినాడ